కవరు విప్పని తాళం

2024 మార్చి, మిషిగన్ రాష్ట్రంలోని ఓక్లండ్ కౌంటీ కోర్టు. ప్రాసిక్యూటర్ కరెన్ మెక్‌డొనాల్డ్ జ్యూరీ ఎదుట నిలబడి ఒక పిస్టల్‌కి కేబుల్ లాక్ వేసి చూపించారు. కేబుల్ లాక్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. ప్లాస్టిక్ తొడుగున్న ఉక్కు తీగ, దాని చివర చిన్న తాళం కప్ప, సైకిలుకి వేసే తాళం లాంటిది. తూటాల మ్యాగజైన్ తీసేసి, పిస్టల్ పైభాగాన్ని వెనక్కి లాగి, అక్కడి సందులోంచి తీగ దూర్చి, పిడిలోంచి కిందికి తీసి తాళం నొక్కాలి. తీగ అడ్డుగా ఉన్నంతసేపూ తుపాకీలో తూటా కూర్చోదు. ఆ పని మొత్తానికి ఆమెకి పట్టింది పది సెకన్ల లోపే.

అలాంటి తాళమే, 2021 నవంబరు 26న ఆ కేసులో నిందితుడైన తండ్రి కొన్న పిస్టల్‌తో పాటు అతని ఇంటికి వచ్చింది. నాలుగు రోజుల తర్వాత, అతని 15 ఏళ్ల కొడుకు అదే పిస్టల్‌తో ఆ కౌంటీలోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో నలుగురు విద్యార్థులను చంపేశాడు. మరో ఏడుగురు గాయపడ్డారు. పోలీసులు ఇల్లు సోదా చేస్తే తాళం కవరు కూడా విప్పకుండా దొరికింది. ఇంట్లో మిగతా తుపాకులు ఉంచిన సేఫ్‌కి కంపెనీ పెట్టిన నంబరు మూడు సున్నాలు. దాన్నీ ఎవరూ మార్చలేదు.

తుపాకీని ఇంట్లో భద్రంగా దాచుకోవడం అనే మాట అమెరికాలో మళ్లీ రాజకీయ రగడగా మారింది. ఆ పని కూడా చూసేలా, తుపాకీ హింస నివారణ కోసం బైడెన్ ప్రభుత్వం 2023 సెప్టెంబరులో వైట్‌హౌస్‌లో పెట్టిన కార్యాలయం 2025 జనవరిలో ప్రభుత్వం మారగానే మూతపడింది. తుపాకీ హింసను ప్రజారోగ్య సమస్యగా చెబుతూ 2024 జూన్‌లో సర్జన్ జనరల్, అంటే ప్రజారోగ్యంపై దేశానికి సలహా ఇచ్చే ప్రభుత్వ వైద్యాధికారి, ఇచ్చిన సలహా పత్రం 2025 మార్చిలో ప్రభుత్వ వెబ్‌సైట్ నుంచి మాయమైంది. ఇక భారమంతా రాష్ట్రాల మీద పడింది. తాళం వేయమని చెప్పి ఊరుకోవాలా, వేయకపోతే శిక్షించాలా అన్న దగ్గర రాష్ట్రాలు రెండుగా చీలిపోయాయి.

తుపాకీ హక్కునిచ్చే రెండో రాజ్యాంగ సవరణ, తుపాకీ హక్కుల కోసం పోరాడే నేషనల్ రైఫిల్ అసోసియేషన్ బలం, పార్టీల లెక్కలు అందరికీ తెలిసిన కథే. ఆక్స్‌ఫర్డ్‌లో కవరు విప్పని తాళం ఎందుకు దొరికిందో అర్థం కావాలంటే నేరుగా 2005 అక్టోబరు 26కి వెళ్లాలి.

ఆ రోజు అధ్యక్షుడు జార్జ్ బుష్ ఒక చట్టం మీద సంతకం చేశారు. తుపాకీ దుర్వినియోగమైనప్పుడు తయారీ కంపెనీల మీదా దుకాణాల మీదా నష్టపరిహారం దావాలు చాలామటుకు వేయకుండా అడ్డుకట్ట వేయడం దాని అసలు పని. అందులోనే పిల్లల భద్రత పేరుతో ఒక భాగం చేర్చారు. లైసెన్సున్న దుకాణం పిస్టల్ లేదా రివాల్వర్ అమ్మితే దాంతోపాటు తాళమో, భద్రపరిచే పెట్టో ఇచ్చి తీరాలి. అంతవరకే. కొన్నవాళ్లు దాన్ని వేసుకోవాలని ఎక్కడా లేదు. వేసుకున్నవాళ్లకి మాత్రం ఒక మేలు చేశారు. తాళం వేసిన తుపాకీని ఎవరైనా అనుమతి లేకుండా తీసుకుని నేరం చేస్తే యజమాని మీద పరిహారం దావా చెల్లదు. రైఫిళ్లకీ షాట్‌గన్లకీ తాళం ఇవ్వాలన్న నిబంధన అసలు వర్తించదు.

తాళం పంచితే చాలునన్న ఆలోచన అప్పటికే పాతది. 1997 అక్టోబరులో క్లింటన్ ఎనిమిది తుపాకీ కంపెనీలను వైట్‌హౌస్‌కి పిలిపించి, అమ్మే ప్రతి పిస్టల్‌తో తాళం ఇస్తామని వాళ్ల చేత స్వచ్ఛందంగా ఒప్పించారు. తర్వాత పరిశ్రమ సంఘమే ఊరూరా ఉచిత తాళాలు పంచింది. 2001లో వాటిలో సుమారు 4 లక్షల తాళాలను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. తాళం చెవి లేకుండానే అవి ఊడి వస్తున్నాయని వినియోగదారుల భద్రతా సంస్థ తేల్చింది. అప్పట్లో ఆ సంస్థ బజారులో దొరికే 32 రకాల తాళాలను పరీక్షిస్తే 30 రకాలు చెవి లేకుండా తెరుచుకున్నాయి. అయినా ప్రభుత్వాలు నడిచిన దారి మారలేదు. తాళం చేతికి ఇస్తే బాధ్యత తీరిందన్నదే లెక్క. 2005 చట్టం ఆ లెక్కనే దేశమంతటికీ ఖాయం చేసింది. ఆక్స్‌ఫర్డ్ దుకాణం ఆ చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. తాళం ఇంటికి చేరింది, కవరులోనే ఉండిపోయింది.

మూడేళ్లకి సుప్రీంకోర్టు రెండో ముడి వేసింది. ఇంట్లో ఉన్న తుపాకీని తూటాలు తీసి, విడదీసి గానీ ట్రిగర్‌కి తాళం వేసి గానీ ఉంచాలని రాజధాని వాషింగ్టన్‌లో 1970ల నుంచీ నిబంధన ఉండేది. 2008 జూన్ 26న 5-4 మెజారిటీతో కోర్టు దాన్ని కొట్టేసింది. ఆత్మరక్షణ కోసం ఉంచుకున్న ఆయుధం అవసరానికి పనికిరాకుండా చేస్తోందన్నది జస్టిస్ స్కాలియా వాదన. అసమ్మతి తీర్పు రాసిన జస్టిస్ బ్రేయర్ 1783 నాటి బోస్టన్ చట్టాన్ని బయటికి తీశారు. తూటా నింపిన తుపాకీని ఇంట్లోకి తేకూడదని ఆ చట్టం. ఇల్లు అంటుకుంటే ఆర్పడానికి వచ్చినవాళ్ల ప్రాణాలు పోతాయన్న భయమే దానికి కారణం. స్కాలియా ఆ ఉదాహరణను పక్కన పెడుతూనే ఒక వాక్యం రాశారు: ప్రమాదాలు జరగకుండా తుపాకుల నిల్వను నియంత్రించే చట్టాలు చెల్లవని మా విశ్లేషణ సూచించడం లేదని దాని సారం.

ఆ తీర్పు పేరు చెప్పి తాళం చట్టాలన్నీ రాజ్యాంగ విరుద్ధమని వాదించేవాళ్లు ఈ వాక్యాన్ని దాటేస్తారు. కింది కోర్టులు దాటేయలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో పిస్టల్ ఒంటి మీద లేనప్పుడు తాళం వేసి ఉంచాలన్న నిబంధనను 2014లో ఫెడరల్ అప్పీలు కోర్టు సమర్థించింది. మరుసటి ఏడాది ఆ కేసు వినడానికి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. స్కాలియా, థామస్ మాత్రం వినాల్సిందేనని రాశారు. 2022లో సుప్రీంకోర్టు ఇచ్చిన మరో తీర్పు ప్రకారం ఏ తుపాకీ చట్టానికైనా చరిత్రలో పోలిక చూపించాలి. అందుకే 18వ శతాబ్దపు బోస్టన్ చట్టం ఇప్పుడు మళ్లీ వాదనల్లోకి వస్తోంది.

తాళం వద్దనేవాళ్ల మాటలో పస లేదనను. అర్ధరాత్రి తలుపు పగిలితే చీకట్లో తాళం చెవి వెతుక్కునే భార్యాభర్తల భయం నిజమైనదే. తుపాకీ ఎలా ఉంచుకోవాలో ఇంటాయనకి తెలుసు, ప్రభుత్వం చెప్పక్కర్లేదన్నది వాళ్ల మాట. కానీ 1989లో ఫ్లోరిడా మొదలుపెట్టిన ఇలాంటి చట్టాలు చాలామటుకు పిల్లలు ఉన్న, లేదా వచ్చే ఇంట్లో వదిలేసిన తుపాకీ గురించే. ఒంటి మీద ఉన్న తుపాకీ జోలికి వెళ్లవు. బడుల్లో జరిగిన దాడులను సీక్రెట్ సర్వీస్ 2019లో పరిశీలిస్తే, తుపాకీ వాడిన ఘటనల్లో 76 శాతం చోట్ల అది తల్లిదండ్రుల ఇంటి నుంచో దగ్గరి బంధువుల ఇంటి నుంచో వచ్చింది. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలన్నది ఈ గొడవలో ఎవరూ గట్టిగా మాట్లాడని విషయం. మనసు విరిగిన పిల్లవాడికీ పిస్టల్‌కీ మధ్య ఒక తాళం ఉంటే, ఆ గడియ గడిచిపోయే అవకాశం ఉంటుంది. ఇలాంటి చట్టాలున్న చోట్ల పిల్లల ఆత్మహత్యలూ పొరపాటు కాల్పులూ తగ్గాయని పరిశోధనలు చెబుతున్నాయి.

ఆక్స్‌ఫర్డ్ నాటికి మిషిగన్‌లో అలాంటి చట్టం లేదు. కాల్పులు జరిగిన మూడో రోజే మెక్‌డొనాల్డ్ ఆ తల్లిదండ్రుల మీద అసంకల్పిత నరహత్య నేరం మోపారు. తాళం వేయలేదన్న నేరం మోపడానికి వీల్లేదు, ఎందుకంటే పుస్తకాల్లో అలాంటి నేరం లేదు. చట్టం అడగని పనిని చేయనందుకు జైలా అని అప్పుడు చాలామంది అడిగారు, న్యాయమైన ప్రశ్నే. ఆ పొద్దున గణితం కాగితం మీద కొడుకు గీసిన బొమ్మలు చూసి బడివాళ్లు తల్లిదండ్రులను పిలిపించారు. వాళ్లు వచ్చి మాట్లాడారు, అబ్బాయిని అక్కడే వదిలి వెళ్లారు. ఇంట్లో పిస్టల్ ఉన్న సంగతి చెప్పలేదు. అబ్బాయి సంచి ఎవరూ వెతకలేదు. రెండు జ్యూరీలు వేర్వేరుగా విని తల్లినీ తండ్రినీ దోషులుగా తేల్చాయి. 2024 ఏప్రిల్ 9న ఇద్దరికీ 10 నుంచి 15 ఏళ్ల చొప్పున శిక్ష పడింది. సొంత బిడ్డ బడిలో చేసిన సామూహిక హత్యలకు అమెరికాలో తల్లిదండ్రులు నరహత్య దోషులు కావడం అదే మొదటిసారి. వాళ్లు అప్పీలుకు వెళ్లారు.

ఆలోపే రాష్ట్రంలో రాజకీయం మారింది. 2022 నవంబరు ఎన్నికల్లో దాదాపు 40 ఏళ్ల తర్వాత గవర్నర్ పదవితో పాటు రెండు సభలూ డెమొక్రాట్ల చేతికి వచ్చాయి. 2023 ఫిబ్రవరి 13న మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో కాల్పులకు ముగ్గురు విద్యార్థులు బలయ్యారు. సరిగ్గా రెండు నెలలకి గవర్నర్ విట్మర్ అదే క్యాంపస్‌లో తాళం చట్టం మీద సంతకం చేశారు. మైనర్లు వచ్చే అవకాశం ఉన్న చోట తుపాకీని వదిలిపెడితే తాళం ఉన్న పెట్టెలో పెట్టాలి, లేదా తూటాలు తీసి తాళం వేయాలి. అలా చేయక, మైనర్ ఆ తుపాకీతో ఎవరి ప్రాణమైనా తీస్తే యజమానికి 15 ఏళ్ల దాకా జైలు. పెద్దల పర్యవేక్షణలో వేటకీ గురి సాధనకీ మినహాయింపు ఉంది. సేఫ్‌ల మీదా తాళాల మీదా 2024 చివరి దాకా అమ్మకం పన్ను ఎత్తేశారు. కౌంటీ ఆరోగ్య కార్యాలయాల ద్వారా ఉచిత తాళాలు పంచారు. యూనివర్సిటీ కాల్పులకు సరిగ్గా ఏడాది నిండిన రోజున చట్టం అమల్లోకి వచ్చింది. మర్నాడే ఫ్లింట్‌లో రెండేళ్ల పాపకి తాళం లేని తుపాకీ దొరికింది. తీవ్రంగా గాయపడింది. కొత్త చట్టం కింద తొలి కేసు ఆ పాప తండ్రి మీదే.

ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్ ఉన్నది ఆక్స్‌ఫర్డ్ ఉన్న కౌంటీలోనే. ఇక్కడ తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకీని పోలీస్ స్టేషన్‌లో అప్పగించి రావడం చూసిన ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం మనం. స్నేహితుడి ఇంటికి ఆడుకోవడానికి పిల్లవాణ్ణి పంపేటప్పుడు ఆ ఇంటి పెద్దలను "మీ ఇంట్లో తుపాకీ ఉందా, తాళం వేసి ఉంటుందా" అని అడగాలంటే నోరు రాదు. పిల్లల వైద్యుల జాతీయ సంఘం మాత్రం వేరుశనగ అలర్జీ గురించి చెప్పినంత మామూలుగా అడగమని పాతికేళ్లుగా తల్లిదండ్రులకు చెబుతోంది. అడిగిన చోట చాలామంది నొచ్చుకోరు.

జార్జియాలో కథ ఇంకోలా సాగింది. అట్లాంటా చుట్టూ తెలుగువాళ్లు తక్కువేం కాదు. 2024 సెప్టెంబరు 4న అక్కడి అపలాచీ హైస్కూల్లో కాల్పులకు ఇద్దరు విద్యార్థులు, ఇద్దరు ఉపాధ్యాయులు చనిపోయారు. నిందితుడికి 14 ఏళ్లు. తండ్రి మీద కూడా హత్యానేరం మోపారు. మరుసటి ఏడాది రాష్ట్రం బడి భద్రత కోసం పెద్ద చట్టమే చేసింది. ఏ విద్యార్థి గురించి ఎవరికి ఏ సమాచారం చేరాలి, టీచర్ల మెడలో ఏ అలారం బటన్ ఉండాలి అన్నదంతా అందులో ఉంది. ఇంట్లో తుపాకీకి తాళం వేయాలన్న నిబంధన లేదు. ఆ తుపాకీని తండ్రే కొడుక్కి క్రిస్మస్ కానుకగా కొనిచ్చాడని అధికారులు చెప్పారు. అది రైఫిల్. 2005 చట్టం ప్రకారం దుకాణం దానికి తాళం ఇవ్వాల్సిన పని కూడా లేదు.