గేటు మూసినా దర్శనం ఆగదు

మా అవ్వకు ఏడుగురు. అమ్మకు మేం ముగ్గురం. అక్కకు ఒక్కడే కొడుకు, ఇంకొకరి మాట ఎత్తితే "ఫీజులు నువ్వు కడతావా?" అంటుంది. చిత్తూరు పక్క ఏ ఇంట్లో అడిగినా లెక్క కాస్త అటూ ఇటూగా ఇదే.

ఒక్కో స్త్రీకి జీవితకాలంలో సగటున ఎందరు పుడతారో చెప్పే లెక్కే సంతానోత్పత్తి రేటు. అది 2.1 ఉంటే పోయే తరం స్థానంలో అంతే తరం వస్తుంది. ఆ పైన 0.1 ఎందుకంటే, ఆడపిల్లల కన్నా మగపిల్లలు కొంచెం ఎక్కువ పుడతారు, పుట్టిన ఆడపిల్లలందరూ తల్లి అయ్యే వయసుదాకా బతకరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం ఆంధ్రలో ఈ రేటు 1992-93లో 2.6. 2005-06కే 1.8కి దిగింది. 2019-21లో 1.7.

మరి జనం తగ్గలేదేం? తిరుమల క్యూ కాంప్లెక్సు తెలిసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. కింద గేటు మూసినా, కంపార్ట్‌మెంట్లలో కూర్చున్నవాళ్లు గంటలకొద్దీ దర్శనానికి వెళ్తూనే ఉంటారు. రేటు ఎక్కువున్న రోజుల్లో పుట్టిన ఆడపిల్లలు పెద్దయి, తలా ఇద్దరిని కన్నా చాలు, పుట్టేవాళ్ల సంఖ్య చాలా ఏళ్లు పెద్దగానే ఉంటుంది. దీన్ని జనాభా ఊపు అనుకోవచ్చు.

ప్రభుత్వాలు చూసేది ఈ కంపార్ట్‌మెంట్లనే. గేటు దగ్గర ఏం జరుగుతోందో ఆలస్యంగా పట్టించుకుంటాయి. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదన్న నిబంధన 1994 చట్టంలో పెట్టారు. పదేళ్లు దాటేసరికి రేటు 2.1 కిందికి వచ్చేసింది. నిబంధన మాత్రం 2024 నవంబరులోగానీ పోలేదు. దాన్ని తీసేసిన ముఖ్యమంత్రి చంద్రబాబుది తిరుపతి పక్కనున్న నారావారిపల్లె. పిల్లల్ని ఎక్కువ కనండని ఇప్పుడాయనే చెబుతున్నారు.

ఆ మాట వినేదెవరు? ఇక్కడ ఒక చిక్కుంది. 2019-21 సర్వేలో 15-49 ఏళ్ల పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది పిల్లల ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్లు ఒక శాతం కూడా లేవు (ఆ సంగతి ఇంకో వ్యాసానికి సరిపోతుంది). మన దగ్గర పెళ్లి తొందరగా, కాన్పులు తొందరగా, ఆ వెంటనే ఆపరేషన్. చాలామందికి పాతికేళ్లలోపే అయిపోతుంది. మా అమ్మకు ఇరవై నాలుగేళ్లప్పుడు, నేను పుట్టిన నెలలోనే చేశారు.

అంటే ఇద్దరు పిల్లలతో స్థిరపడిన చాలా ఇళ్లలో మూడో బిడ్డ అన్న ప్రశ్నే లేదు. ఆ పిలుపు చేరాల్సింది ఇంకా పెళ్లి కాని అమ్మాయిలకు. వాళ్లలో చాలామంది ఇప్పుడు తిరుపతి కాలేజీల్లో చదువుకుంటున్నారు.