సొంత భూమిలో పారే కోడులో చేపలు పెంచొచ్చా? అపోహలు – వాస్తవాలు

తొలకరి దగ్గర పడిందంటే ఒకటే అడుగుతారు: "మా కొబ్బరితోటని ఆనుకునే కోడు (వాననీరు, చేల మురుగు పారే చిన్న వాగు) పారుతోందండి, భూమి మాదే. ఓ పదివేల పిల్ల వేసేద్దామా?" చేపపిల్ల అమ్ముకుని బతికేవాణ్ని, వద్దంటే నష్టం నాకే. అయినా చాలామందికి వద్దనే చెబుతాను.

అపోహ: కోడు మా భూమిలో ఉంది, చేపలూ మావే.

వాస్తవం: కోడు అడుగు మీ పాసుపుస్తకంలో ఉంటే ఉండొచ్చు. పారే నీరు మీ సొత్తు కాదు, అందులో స్వేచ్ఛగా తిరిగే చేప వలలో పడేదాకా ఎవరిదీ కాదు. మీ డబ్బుతో కొన్న పిల్ల దిగువ ఊరివాళ్ల పులుసులోకి పోతుంది, వాళ్లని అడిగే హక్కూ మీకుండదు. తడికలు అడ్డం కడతామంటారు కొందరు. గుర్రపుడెక్క కొట్టుకొచ్చి తడికని పట్టుకుందంటే అదే అడ్డుకట్ట. ఆ రాత్రి గట్టి వాన పడితే ఎగువ చేలు మునుగుతాయి. పశ్చిమ గోదావరిలో ఎర్రకాలువ, ఎనమదుర్రు డ్రెయిన్లు పొంగినప్పుడు వరి ఎన్నాళ్లు నీళ్లలో నానుతుందో తెలిసినవాళ్లు మీ తడికని ఊరుకోరు.

అపోహ: పారే నీళ్లకి ఆక్సిజన్ లోటుండదు.

వాస్తవం: కొండవాగుకైతే ఆ మాట చెల్లుతుంది. మన గోదావరి డెల్టాలో వాలు లేదు. మన కోడుల్లో వేసవి నీరు చాలావరకు చేలల్లోంచి దిగే మురుగే. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కాలువలకి నీళ్లు ఆపేశాక అదీ ఆగిపోయి, అక్కడక్కడా మడుగులు మిగులుతాయి. 30 డిగ్రీల వేడిలో మంచినీటిలో కరగగల ఆక్సిజన్ లీటరుకి సుమారు 7.5 మిల్లీగ్రాములే. బొచ్చె, శీలావతి బాగా పెరగాలంటే 5 మిల్లీగ్రాములన్నా ఉండాలి. పైన డెక్క పరుచుకుని, కింద ఆకు కుళ్లుతుంటే తెల్లారుజామున ఎంత మిగులుతుంది? చేప తేలిపోతుంది. దానికి తోడు చేలో పురుగుమందు కొట్టిన వెంటనే తూము తీస్తే, ముఖ్యంగా పైరిత్రాయిడ్ మందులైతే, చేప చావడానికి కొద్దిపాటి మోతాదే చాలు. సముద్రం దగ్గరి ఊళ్లలో పోటుకి ఉప్పునీరు ఎగదన్నడం వేరే సంగతి.

అపోహ: ఒకసారి వేస్తే అవే గుడ్లు పెట్టి పెరుగుతాయి.

వాస్తవం: బొచ్చె, శీలావతి, ఎర్రమోసు వరద నీటిలో, పెద్ద నదుల్లో గుడ్లు పెట్టే జాతులు. మామూలు చెరువులోగానీ చిన్న కోడులోగానీ పెట్టవు. 1957 జూలై 10న మత్స్య శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి ఇంజెక్షన్‌తో వీటి చేత గుడ్లు పెట్టించబట్టే ఇవాళ హేచరీలున్నాయి, నాకు వ్యాపారం ఉంది.

అపోహ: కోడు ఖాళీగా ఉంది, ఏదో ఒకటి వేయాలి.

వాస్తవం: నాకు ఒళ్లు మండే మాట ఇదే. తొలకరి జల్లు పడిన పూట గట్టు దగ్గర నిలబడి చూడండి. గొరకలు మొప్పల ముళ్లు ఆనించుకుంటూ తడి గడ్డి మీద పాకుతాయి. నాచు పక్కన నీటి పైన ఎర్రగా ఓ గుంపు కదులుతుంటే అవి కొర్రమీను పిల్లలు. అడుగున తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. సరిగ్గా అప్పుడే వాటిని పట్టేసి, మర్నాటికి పిల్లలన్నీ పెద్ద చేపలకి మేత అయ్యాక "చేపలు తగ్గిపోయాయండి" అంటారు. జెల్ల, ఇంగిలాయి, మార్పు అనే నాటు చేపలు కూడా అక్కడే బతుకుతున్నాయి. డెక్క కొంత తీయండి, అంచున నాచు ఉంచండి, వేసవిలో ఒక్క లోతు మడుగైనా తోడకుండా వదలండి. మందు కలిపి చేపలు పట్టడం 1897 నాటి మత్స్య చట్టం నుంచీ నేరమే. ఈ నాలుగూ పాటిస్తే నా పిల్లకి పెట్టే డబ్బు మీకు మిగులుతుంది.

అపోహ: క్యాట్‌ఫిష్ దేనికైనా తట్టుకుంటుంది, అది వేద్దాం.

వాస్తవం: తట్టుకుంటుంది, అదే గొడవ. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకం మన దేశంలో నిషేధం. అది ఒక్కసారి కోడులోకి దిగితే ఏ వలతోనూ పూర్తిగా వెనక్కి తీయలేం. అక్వేరియంలో పెరిగిపోయిన దెయ్యం చేపని (సక్కర్‌మౌత్ క్యాట్‌ఫిష్‌ని) కాలువలోకి విసిరేవాళ్లకీ ఇదే మాట.

పెంచి తీరాలంటే కోడు పక్కన, వరద మట్టం కంటే ఎత్తైన గట్టుతో చెరువు తవ్వండి. తవ్వేముందు మత్స్యశాఖ అనుమతి తీసుకోండి. నీరు వచ్చే, పోయే తూములకి సన్న వల కట్టండి. బొటనవేలంత పిల్లకి బదులు, ఇరుకు చెరువులో ఏడాది ఎదుగుదల బిగబట్టి ఉంచిన పిల్ల (జీరో పాయింట్ అంటారు) కొనండి, నీటికాకులకి అంత తేలిగ్గా దొరకదు. పిల్ల తెచ్చిన సంచిని నీళ్లమీద పావుగంట తేలనిచ్చి, చెరువు నీరు కొద్దికొద్దిగా లోపలికి కలిపి, సంచి నోరు వంచితే పిల్ల తనంతట తనే ఈదుకుంటూ బయటకి వస్తుంది. గుమ్మరించకండి.