మందు, గంజాయి: ఓపీలో రోజూ వినే అపోహలు - వాస్తవాలు

విజయవాడలో మానసిక వైద్యుడిని. వ్యసన చికిత్సే నా ప్రధాన పని. రోగి నోరు విప్పేలోపే ఇంట్లోవాళ్లు అనే మాటలు కొన్ని ఉంటాయి. వాటికి జవాబులివి.

అపోహ: మాల వేసుకుంటే 41 రోజులు ముట్టడు. మనసు పెడితే మానలేడా?

వాస్తవం: భవానీ మాల, అయ్యప్ప మాల వేసుకుని చుక్క ముట్టనివాళ్ల పట్టుదలకు దండం పెట్టాల్సిందే. అయితే రోజూ తప్పకుండా తాగేవాడు ఒక్కసారిగా ఆపితే ఏమవుతుందో వాళ్లకు ఎవరూ చెప్పరు. మద్యం మెదడును మందగింపజేస్తుంది. ఏళ్ల తరబడి తాగితే దాన్ని తట్టుకోవడానికి మెదడు జోరు పెంచుకుంటుంది. మందు ఆగగానే ఆ జోరుకు పగ్గం ఉండదు. మొదటి రెండు రోజుల్లోనే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండో రోజు దాటాక కొందరికి సంధి మొదలవుతుంది. ఆటో నడిపే మనిషి మంచం మీద కూర్చుని గాల్లో హ్యాండిల్ తిప్పుతూ "బెంజి సర్కిల్, బెంజి సర్కిల్" అని కేకలేస్తాడు. లేని చీమల్ని దుప్పటి మీంచి ఏరుతాడు. దీన్నే డెలీరియం ట్రెమెన్స్ అంటాం. గాలి సోకిందని తాయెత్తు కట్టించి కూర్చుంటే ప్రాణం పోవచ్చు. నీరసమని థయమిన్ (బి1 విటమిన్) ఇవ్వకుండా వట్టి గ్లూకోజ్ ఎక్కించినా మెదడుకు ముప్పే. వేళకు ఆస్పత్రికి తెస్తే చాలామంది కొద్ది రోజుల్లోనే తేరుకుంటారు. కాబట్టి మాలకు ముందే ఒకసారి డాక్టరుకు చూపించండి. దీక్షకు మందులేమీ అడ్డం రావు.

అపోహ: కూరలో తెలియకుండా కలిపే మందు రాయండి డాక్టరుగారూ.

వాస్తవం: రాయను. మీరు అడిగేది డైసల్ఫిరామ్. అది ఒంట్లో ఉందని తెలియక తాగితే ముఖం ఎర్రబడుతుంది, గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం. గుండెజబ్బు ఉంటే ప్రాణం మీదికి వస్తుంది. మాత్ర ఆపినా రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. అలా అడిగే ఇల్లాలి మీద నాకు కోపం లేదు, దారులన్నీ మూసుకుపోయాకే ఆ మాట అంటుంది. ఆయన రానంటే మీరే రండమ్మా, ఇంట్లోవాళ్లతోనైనా మొదలుపెడదాం. తాగాలన్న యావను తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ ఉన్నాయి. అవి కూడా అతనికి చెప్పి ఇచ్చేవే.

అపోహ: గొలుసులేసి కట్టేసే సెంటర్లో పడేస్తే దారికొస్తాడు.

వాస్తవం: 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసులను పూర్తిగా నిషేధించింది.

అపోహ: గంజాయి కుర్రాణ్ని ఆస్పత్రికి తెస్తే పోలీసు కేసవుతుంది.

వాస్తవం: ఈ భయంతోనే తల్లిదండ్రులు నెలల తరబడి దాచిపెడతారు. ఈలోగా అనుమానాలు, చెవిలో మాటలు మొదలైన పిల్లలు నా దగ్గరకు వస్తున్నారు. చికిత్స వివరాలను గోప్యంగా ఉంచడం డాక్టరు బాధ్యత. 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక (ఎన్‌డీపీఎస్) చట్టంలోనే 64ఏ సెక్షన్ ఉంది. వాడకానికో, స్వల్ప పరిమాణానికో కేసు పడిన వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చేరి చికిత్స పూర్తి చేసుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. అమ్మేవాళ్లకు ఇది వర్తించదు. గంజాయి వద్దని కాలేజీల్లో పెట్టే ప్రతి సభలోనూ ఈ సెక్షన్ గురించి చెప్పాలని నా కోరిక.

2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14446 జాతీయ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్. మనసు బాగోలేకపోతే టెలీ మానస్ 14416.