రమ్మీలో నైపుణ్యం ఉంటే మాత్రం?

సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారని పోలీసులు పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మూడు ముక్కలాట వట్టి అదృష్టం, రమ్మీ అలా కాదు అని 1967లో కోర్టు తేల్చింది. ఏ ముక్కలు పడ్డాయో గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పడెయ్యాలో తెలియాలి, కాబట్టి అందులో నైపుణ్యానిదే పెద్దపీట అంది. తర్వాత యాభై ఏళ్ల పాటు మన దేశంలో జూదం మీద వాదనలు చాలావరకు ఆట అదృష్టమా, నైపుణ్యమా అన్న ఈ ప్రశ్న చుట్టూనే తిరిగాయి. ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలూ మాది జూదం కాదంటూ ఈ తీర్పునే అడ్డం పెట్టుకున్నాయి.

చట్టానికి ఆ తేడా అవసరమే కావచ్చు, జూదవ్యసనం అనే జబ్బుకి మాత్రం దానితో పనిలేదు. జూదం మీద పరిశోధన చేసేవాళ్లు అడిగేది వేరు. పందెం కాసిన ఎంతసేపటికి ఫలితం తెలుస్తుంది? వెంటనే ఇంకోటి కాయొచ్చా? ఎన్ని గంటలైనా ఆడొచ్చా? వారానికోసారి డ్రా తీసే లాటరీ కంటే, డబ్బు వేస్తే బొమ్మలు గిర్రున తిరిగి, సరిగ్గా కలిస్తే గెలిపించే, కొన్ని సెకన్లకోసారి తిరిగే స్లాట్ మెషీన్ ఎక్కువమందిని పట్టేసుకోవడానికి కారణం ఇక్కడుంది. 2024లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ ప్రపంచవ్యాప్త అధ్యయనాలను కలిపి చూసింది. ఆన్‌లైన్ క్యాసినో, స్లాట్ ఆటలు ఆడే పెద్దవాళ్లలో దాదాపు 16 శాతం మందికి, క్రీడలపై బెట్టింగ్ కాసేవాళ్లలో దాదాపు 9 శాతం మందికి జూదవ్యసనం ఉండొచ్చని అంచనా వేసింది.

గెలిస్తే వచ్చే ఆనందం కోసమే ఆడతారని మనం అనుకుంటాం. మెదడు లెక్క కొంచెం వేరు. మెదడు శాస్త్రవేత్త వోల్‌ఫ్రామ్ షుల్ట్స్ బృందం 2003లో ప్రచురించిన కోతుల ప్రయోగంలో, ఒక బొమ్మ చూపించాక పళ్లరసం కచ్చితంగా వస్తుందా, అసలు రాదా, సగం సగం అవకాశమా అని మార్చి చూశారు. ఎదురుచూసే ఆ కాసేపట్లో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే మెదడు కణాల చురుకుదనం ఎక్కువగా పెరిగింది సగం సగం అవకాశం ఉన్నప్పుడే. అంటే ఏమవుతుందో తెలియని ఆ రెండు క్షణాలే ఒక మత్తు. జూదంలో అమ్మే సరుకూ అదే.

మరో ప్రయోగం, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది, కేంబ్రిడ్జిలో ల్యూక్ క్లార్క్ బృందం 2009లో చేసింది. స్కానర్‌లో పడుకోబెట్టి స్లాట్ మెషీన్ లాంటి ఆట ఆడించారు. బొమ్మలు కలవాల్సిన చోటికి ఒక్క గడి పక్కన ఆగితే, అది ఓటమే. డబ్బు రాదు. అయినా గెలిచినప్పుడు కదిలే మెదడు భాగాలే అప్పుడూ కదిలాయి. పైగా బొమ్మను తామే ఎంచుకున్నప్పుడు, ఆ ‘కొద్దిలో తప్పింది’ అన్న భావన ఇంకోసారి ఆడాలనే కోరికను పెంచింది. కంప్యూటర్ ఎంచినప్పుడు పెంచలేదు. నిజానికి ఎవరు ఎంచినా గెలిచే అవకాశం ఒకటే. ఆట తన చేతిలో ఉందన్న నమ్మకమే మనిషిని కూర్చోబెట్టిందన్నమాట. రమ్మీ నైపుణ్యపు ఆట కాబట్టి ప్రమాదం లేదనేవాళ్లు ఈ ఫలితాన్ని ఒకసారి చూడాలి.

ఇదంతా బలహీనుల గొడవ, బుద్ధి ఉన్నవాడు ఆపేస్తాడు అనే పెద్దమనుషులకు చెప్పాల్సిన సంగతి ఇంకోటుంది. 2005లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 11 మంది పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) రోగుల గురించి రాశారు. డోపమైన్‌లా పనిచేసే మందులు వాడుతుండగా వాళ్లు జూదంలో కూరుకుపోయారు. మందు తగ్గించినప్పుడో ఆపినప్పుడో చాలామందిలో ఆ పిచ్చి దిగిపోయింది. మాత్ర మారిస్తే మారిపోయేది గుణం ఎలా అవుతుంది?

అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో ఈ సమస్యను తన జాబితాలోకి తీసుకుంది, కానీ దొంగతనం చేయాలనే ఆపుకోలేని కోరిక లాంటి వాటి పక్కన పెట్టింది. 2013లో అక్కణ్నుంచి తీసి మద్యం, మత్తుమందుల వ్యసనాల సరసన చేర్చింది. తొమ్మిది లక్షణాల్లో ఏడాదిలో కనీసం నాలుగు కనిపిస్తే జబ్బుగా లెక్క. పందెం మొత్తం పెంచుకుంటూ పోవడం, ఇంట్లో అబద్ధాలు చెప్పడం, ‘పోగొట్టుకున్నచోటే వెతుక్కోవాలి’ అంటూ మర్నాడు మళ్లీ వెళ్లడం వాటిలో కొన్ని.

అయితే ఈ గీత దాటినవాళ్లనే లెక్కపెడితే నష్టంలో చిన్న ముక్కే కనిపిస్తుంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 2016లో వచ్చిన అధ్యయనం జూదం వల్ల పోయే డబ్బు, నిద్ర, ఆరోగ్యం, కుటుంబ శాంతి అన్నిటినీ కలిపి కొలిచింది. మొత్తం నష్టంలో తీవ్ర వ్యసనపరుల వాటా 15 శాతం దగ్గరే ఆగింది. మిగతా 85 శాతం ‘నాకేం అలవాటు లేదు, సరదాకి ఆడతా’ అనే తక్కువ, మధ్యస్థ ప్రమాద స్థాయి వాళ్లది. ఒక్కొక్కరికి జరిగేది తక్కువే, కానీ వాళ్ల సంఖ్య చాలా ఎక్కువ. పైగా ఒక తీవ్ర వ్యసనపరుడి వల్ల సగటున మరో ఆరుగురు నష్టపోతారని ఆస్ట్రేలియా పరిశోధకులే లెక్కగట్టారు. అందుకే దీన్ని ఆస్పత్రి గది సమస్యగా కాక, తాగునీటి కాలుష్యంలా ఊరి సమస్యగా చూడమంటున్నారు.

ప్రాణాల సంగతి కూడా చెప్పుకోవాలి. స్వీడన్ ఆరోగ్య రికార్డుల్లో జూదవ్యసనం నిర్ధారణ అయిన 2,099 మందిని గమనిస్తే, ఆత్మహత్య మరణాలు సాధారణ జనంతో పోలిస్తే సుమారు 15 రెట్లు. బ్రిటన్‌లో 2021లో బ్యాంకు లావాదేవీలు పరిశీలించినప్పుడు, జూదం మీద అత్యధికంగా ఖర్చుపెట్టేవాళ్లలో మరణాల ప్రమాదం 37 శాతం ఎక్కువ ఉంది. జూదమే చంపిందని ఈ లెక్కలు రుజువు చేయవు. డిప్రెషన్, తాగుడు, అప్పులు అన్నీ కలిసే ఉంటాయి. కానీ కలిసి ఉంటాయన్నది మాత్రం కాదనలేం.

మరి ఆట దొరక్కుండా చేస్తే? నార్వే 2007 జూలైలో దేశంలోని స్లాట్ మెషీన్లన్నీ ఎత్తేసింది. ఆడేవాళ్లంతా వేరే జూదానికి మళ్లుతారని భయపడ్డారు. పెద్దగా అలా జరగలేదు, హెల్ప్‌లైన్‌కి వచ్చే ఫోన్లు కూడా తగ్గాయి. గోదావరి జిల్లాల్లో సంక్రాంతి కోడిపందాలు, గుండాట ఎంత జోరుగా సాగినా మూడు నాలుగు రోజుల్లో బరులు ఎత్తేస్తారు. ఫోన్‌లోని ఆటకి బరి ఎత్తేసే రోజంటూ లేదు, పక్కనే లోన్ యాప్ కూడా ఉంటుంది. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. వైద్యపరంగా చూస్తే సరైన నిర్వచనం ఇదే. విదేశాల నుంచి నడిచే సైట్లను ఆపడం మాత్రం అంత తేలిక కాదు.

ఇప్పటికే చిక్కుకున్నవాళ్లకు చికిత్స ఉంది. ఆలోచనల తీరును మార్చే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీకి మంచి ఆధారాలున్నాయి, తాగుడు మాన్పించడానికి వాడే నాల్‌ట్రెక్సోన్ అనే మందు కొందరికి పనిచేస్తుంది. మన ఇళ్లలో మాత్రం ముందుగా జరిగేది వేరు. పొలమో బంగారమో తాకట్టు పెట్టి ‘ఈ ఒక్కసారికి’ అని అప్పు తీర్చేస్తారు. చేసిన అప్పుల నుంచి బయటపడటానికి ఇతరుల డబ్బు మీద ఆధారపడటం ఆ తొమ్మిది లక్షణాల్లో ఒకటి. అప్పు తీర్చే ముందు మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి, కొన్నాళ్లు జీతం, బ్యాంకు ఖాతా, యూపీఐ వేరొకరి చేతిలో ఉండాలి. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు, ఆడేవాళ్లే కాదు ఇంట్లోవాళ్లు కూడా ఫోన్ చేయొచ్చు.