యాభై లీటర్ల సముద్రం: పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

గాజుతొట్టెలో సముద్రపు నీళ్ళు పెట్టి పగడాలు పెంచాలని సరదా పడుతున్నారు కదా, ముందు తొట్టెలో నీళ్ళెన్నో తేల్చుకోండి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, పదిహేను అంగుళాల ఎత్తున్న తొట్టెని షాపువాడు 70 లీటర్లదంటాడు. పైన రెండంగుళాలు వెలితి వదిలితే అది 61. ఇసుక, రాళ్ళు పరిచాక మిగిలేది 50 లీటర్లే. ఏది కలిపినా ఆ 50కే లెక్క కట్టాలి. 70కి కట్టారంటే ప్రతిసారీ నలభై శాతం ఎక్కువ పడినట్టే. అందుకని తొట్టె మొదటిసారి నింపేటప్పుడే లీటరు మగ్గుతో లెక్కపెట్టి పోయండి, ఆ అంకె నోటుబుక్కు మొదటి పేజీలో రాసిపెట్టుకోండి.

ఈ విద్యలో సగం మనవాళ్ళకి ముందే వచ్చు. రొయ్యల చెరువులున్న భీమవరం చుట్టుపక్కల సెలినిటీ (నీళ్ళలో ఉప్పు పాళ్ళు), పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం కొలత), ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే కార్బొనేట్ల పాలు), అమ్మోనియా అనే మాటలు చెవిన పడని ఇల్లుండదు. అవే మాటలు ఇక్కడా. అయితే ఎకరం చెరువుకి మీటరున్నర నీళ్ళు పెడితే 60 లక్షల లీటర్లు. అక్కడ ఓ గుప్పెడు అటూ ఇటూ అయినా చెరువు సర్దుకుంటుంది. మీ యాభై లీటర్లలో చెంచాడు తేడాకే పగడం ముడుచుకుపోతుంది. పుస్తకంలో ఉన్న అంకె అచ్చంగా రాలేదని బెంగపడక్కర్లేదు. వచ్చిన అంకె రోజూ అక్కడే ఉంటోందా అన్నదే మీరు చూడాల్సింది.

సముద్రం పాతిక కిలోమీటర్లలో ఉండగా ఉప్పు కొనడమేంటని మీ ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. అంతర్వేదిలో వశిష్ఠ, ఓడలరేవు దగ్గర వైనతేయ, యానాం దిగువన గౌతమి అనే గోదావరి పాయలు సముద్రంలో కలుస్తాయి. జూలై, ఆగస్టుల్లో వరద ఎర్రనీళ్ళు దిగితే మన తీరాన ఉప్పు బాగా పడిపోతుంది, ఒండ్రు కమ్మేస్తుంది. మన ఒడ్డున పగడాల దిబ్బలు పెరగకపోవడానికి ఆ ఉప్పు తగ్గడమూ ఆ ఒండ్రూ కారణాలే. అవి లక్షద్వీప్‌లో, అండమాన్‌లో, మన్నార్ సింధుశాఖలో, కచ్ దగ్గరా ఉన్నాయి. నదీ ముఖాన ముంచిన బిందెలో ఏ నెల ఎంత ఉప్పు ఉంటుందో, పొలాల మందులు ఎన్ని ఉంటాయో చెప్పలేం.

వంటింటి ఉప్పూ పనికిరాదు, ఉప్పుమళ్ళ నుంచి తెచ్చిన కళ్ళుప్పూ పనికిరాదు. సముద్రపు నీరు మడిలో ఎండేకొద్దీ ముందు కాల్షియం జిప్సంగా దిగిపోతుంది, తర్వాత ఉప్పు గడ్డకడుతుంది, మెగ్నీషియం చివర మిగిలే చేదునీళ్ళలో ఉండిపోతుంది. మీ చేతికొచ్చేది మధ్యలో దిగిన సోడియం క్లోరైడు ఒక్కటే. దాన్ని నీళ్ళలో కలిపితే ఉప్పునీళ్ళవుతాయి గాని సముద్రం కాదు. అన్ని లవణాలూ పాళ్ళుగా కలిపిన రీఫ్ సాల్ట్ కొనండి. లీటరుకి సుమారు 37 గ్రాములు పడుతుంది, సంచి మీద వాళ్ళిచ్చిన కొలత చూసుకోండి. నీళ్ళలోకి ఉప్పు వేయాలి. ఉప్పు మీద నీళ్ళు పోస్తే అడుగున చిక్కటి ద్రావణమై కాల్షియం కార్బొనేటు తెల్లగా విరిగిపోతుంది, అది మళ్ళీ కరగదు. చిన్న పంపు పెట్టి ఓ పూటంతా తిప్పి, తేటపడ్డాక వాడండి.

కలిపే మంచినీళ్ళ సంగతి. కాలువ నీళ్ళు వద్దు, పొలాల నైట్రేటు, ఫాస్ఫేటు అందులోనే వస్తాయి. లంకల్లో, తీరం దగ్గర బోరు నీళ్ళలో ఇనుమూ ఉప్పూ ఉంటాయి. తాగే నీళ్ళ క్యాన్లలో రుచి కోసం ఖనిజాలు కలిపే ప్లాంట్లున్నాయి, కాబట్టి కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు ముంచి చూడండి. సున్నా దగ్గరుంటేనే తీసుకోండి. లేకపోతే ఆర్వో తర్వాత, మిగిలిన లవణాల్ని కూడా పట్టేసే డీఐ రెజిన్ పెట్టుకోవాలి. ఇత్తడి బిందె, రాగి చెంబు తొట్టె దరిదాపులకి రానివ్వకండి. రాగి పగడాలకీ, నత్తలకీ, రొయ్యలకీ విషం.

సెలినిటీ 35 పీపీటీ, అంటే వెయ్యికి 35 పాళ్ళ దగ్గర ఉంచండి. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరు గాజు మీద రెండు చుక్కలు వేసి, మూత వాల్చి, వెలుతురు వైపు చూస్తే నీలం, తెలుపు కలిసేచోట గీత కనిపిస్తుంది. ఆ గీతని డిస్టిల్డ్ నీళ్ళతో సున్నాకి సరిచేస్తే చాలనుకుంటారు, చాలదు. సున్నా దగ్గర సరిగ్గా ఉన్న మీటరు 35 దగ్గర తప్పు చూపించొచ్చు. 963.5 గ్రాముల డిస్టిల్డ్ నీళ్ళలో 36.5 గ్రాముల మామూలు ఉప్పు కరిగిస్తే ఈ మీటరులో అది 35 చూపించాలి. ఉప్పు వంటింటిదైనా ఫర్వాలేదు, ఇది మీటరుకే గాని తొట్టెకి కాదు. ఆ సీసా మూత బిగించి దాచుకుని, నెలకోసారి సరిచూసుకోండి.

నీరు ఆవిరవుతుంది, ఉప్పు ఆవిరవదు. ఫ్యాను పెట్టిన తొట్టెలో రోజుకి లీటరున్నర ఎగిరిపోయిందనుకోండి. ఒక్కరోజు ఊరుకుంటే 35 కాస్తా 36, మూడు రోజులకి 38 దాటుతుంది. అద్దం మీద టేపుతో గీత పెట్టి, రోజూ ఆ గీత దాకా ఉప్పులేని నీళ్ళే పోయాలి. తగ్గాయి కదా అని ఉప్పునీళ్ళు పోశారో, వారంలో తొట్టె ఉప్పుమడి అవుతుంది.

ఇక ఆల్కలినిటీ. నన్నడిగితే వారానికి ఒక్క పరీక్షే చేయగలిగినవాళ్ళు దీన్నే చేయాలి. చెరువు లెక్కలో దీన్ని కాల్షియం కార్బొనేటు పీపీఎంగా (పదిలక్షల్లో ఎన్ని పాళ్ళో) రాస్తారు, తొట్టెలవాళ్ళు డీకేహెచ్ అంటారు. పీపీఎంని 17.9తో భాగిస్తే డీకేహెచ్. ల్యాబు చీటీలో 143 ఉంటే మీకు 8. 7కీ 9కీ మధ్య ఏదో ఒకచోట నిలిపితే చాలు.

పరీక్ష చేసేటప్పుడు తొందరపడకండి. సిరంజితో నీళ్ళు తీసి, సిరంజి తలకిందులు చేసి గాలి బుడగ తీసేయండి. బుడగ ఉంటే కొలతే తప్పు. రంగు మందు వేశాక నీలంగా ఉన్న నీళ్ళలో ఆమ్లం ఒక్కో చుక్కా వేసి కలపండి. చుక్క పడ్డచోట ఎర్రటి మచ్చ మెరిసి మాయమవుతుంది. తర్వాత్తర్వాత ఆ మచ్చ పోవడానికి ఎక్కువసేపు పడుతుంది. కలిపినా నీలం తిరిగి రాకపోతే అక్కడ ఆపి సిరంజి చూడండి. రంగుల పేర్లు కిట్టుని బట్టి మారతాయి, మచ్చ నెమ్మదించడం మాత్రం అన్నిటిలోనూ ఒకటే. తెల్లకాగితం మీద గ్లాసు పెట్టి పగటి వెలుతురులో చూడండి, తొట్టె నీలం లైటు కింద కాదు.

దీన్నే ముందు ఎందుకు చూడాలంటారా? పగడమైనా, రాళ్ళ మీద పాకే గులాబీరంగు పాచి అయినా సున్నపు గూడు కట్టుకోవాలంటే కాల్షియం, కార్బొనేటు రెండూ లాక్కుంటాయి. 2.8 డీకేహెచ్ ఖర్చయితే కాల్షియం 20 పీపీఎం తగ్గుతుంది. మూడు రోజుల్లో ఆల్కలినిటీ 8.4 నుంచి 7.5కి దిగిందంటే పదో వంతు పైన పోయినట్టు. అదే సమయంలో కాల్షియం 420 నుంచి 414కి దిగుతుంది, మీ కిట్టుకి ఆ తేడా కంటికి కూడా ఆనదు. ఖర్చు ముందు తెలిసేది ఆల్కలినిటీలోనే.

ఆ లెక్కే కొనసాగిద్దాం. మూడు రోజులకి 0.9 అంటే రోజుకి 0.3. 50 లీటర్లలో ఒక డీకేహెచ్ పెంచడానికి వంటసోడా ఒకటిన్నర గ్రాములు కావాలి. 0.3కి 0.45 గ్రాములు. అంత చిన్న తూకం ఇంట్లో కుదరదు గనక 45 గ్రాముల సోడాని కొద్ది నీళ్ళలో కరిగించి, మొత్తం లీటరు చేయండి. అందులో రోజుకి 10 మిల్లీలీటర్లు, పంపు నీళ్ళు తోసేచోట. వారం తర్వాత అదే గంటకి మళ్ళీ కొలిచి, పెరుగుతుంటే తగ్గించండి, తగ్గుతుంటే పెంచండి. ఆల్కలినిటీ బాగా పడిపోయి ఉన్నా రోజుకి ఒక డీకేహెచ్ మించి పెంచొద్దు. ఒక్కరోజులో మూడు పెంచితే నీళ్ళకి ఏం కాదు, పగడం కొసలు తెల్లబడతాయి. సోడా ప్యాకెట్టు వెనక సోడియం బైకార్బొనేటు ఒక్కటే రాసి ఉండాలి. బేకింగ్ పౌడరులో పిండి, ఆమ్లం కలుస్తాయి, అది కేకులకే. బట్టలసోడా కూడా వద్దు.

కాల్షియం 400 నుంచి 450 మధ్య, మెగ్నీషియం 1,250 నుంచి 1,350 మధ్య ఉంటే చాలు, నెలకోసారి చూడండి. ఆక్వా ల్యాబులో చేయించుకుంటే చీటీలో కాల్షియం హార్డ్‌నెస్ అని, కాల్షియం కార్బొనేటుగా లెక్కకట్టిన అంకె ఉంటుంది, దాన్ని 2.5తో భాగించుకోండి. 1,050 ఉంటే మీకు 420. మొత్తం హార్డ్‌నెస్ 6,300 దగ్గర చూసి కంగారు పడొద్దు, సముద్రపు నీళ్ళకి అది మామూలే. కాల్షియం 20 పీపీఎం పెంచాలంటే మీ తొట్టెకి కాల్షియం క్లోరైడు డైహైడ్రేటు 3.7 గ్రాములు. సోడా, ఇదీ ఒకే గ్లాసులో కలిపితే క్షణంలో తెల్లగా విరుగుతుంది. తొట్టెలో పక్కపక్కన పోసినా అంతే, మంచు పడ్డట్టు రాళ్ళ మీద పేరుకుని రెండూ వృథా. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేయండి. ఎంత వేసినా రెండూ నిలవట్లేదంటే మెగ్నీషియం చూడండి. కాల్షియం, కార్బొనేటు ఒకదాన్నొకటి పట్టేసుకోకుండా అడ్డుండేది అదే. 50 పీపీఎం పెంచడానికి మెగ్నీషియం క్లోరైడు హెక్సాహైడ్రేటు 21 గ్రాములు. చెరువుకి వేసే పాతిక కిలోల బస్తాలోది మాత్రం వాడకండి. పగడాలకి ఇష్టంలేని మలినాలు అందులో ఏమున్నాయో తెలీదు, ల్యాబు రకం కొనండి.

మీలో ఒకరిద్దరికి సున్నపు తేట గురించి తెలిసే ఉంటుంది. లీటరు నీళ్ళలో గ్రామున్నర శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడు కలిపితే పైన తేరే తేట కాల్షియం, ఆల్కలినిటీ పెంచే రెండు పనులూ ఒక్కటే చేస్తుంది. గాజుగ్లాసులో ఆ తేట ఓ రాత్రి వదిలి చూడండి, పాల మీద మీగడలా పలచటి పొర కడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి మళ్ళీ సున్నపురాయి అయిపోవడమది. దాని పీహెచ్ 12 పైమాట. లీటరు తేట ఒకేసారి పోస్తే మీ తొట్టెలో ఆల్కలినిటీ రెండు డీకేహెచ్ పైన ఎగురుతుంది. పైన చెప్పిన రోజుకి 0.3 ఖర్చుకి, సోడా బదులు, 130 మిల్లీలీటర్లు సరిపోతుంది, అదీ తెల్లవారుజామున సెలైను ట్యూబుతో చుక్కచుక్కగా. కిళ్ళీకొట్టు సున్నం వద్దు, కంటికి చేతికి తగలనివ్వొద్దు. పదేళ్ళలోపు వాళ్ళు దీని జోలికే పోకండి.

పీహెచ్ కోసం ఏ మందూ వేయకండి. చెరువులో లాగే పొద్దున తక్కువ, సాయంత్రం ఎక్కువ. 7.9 నుంచి 8.3 దాకా ఊగితే ఊగనివ్వండి. తలుపులన్నీ మూసి ఏసీ వేసిన గదిలో మనుషుల ఊపిరికే అది దిగుతుంది, కిటికీ తీస్తే లేస్తుంది.

అమ్మోనియా, నైట్రైటు సున్నా ఉండాలి. కొత్త తొట్టెలో వాటిని నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, అందాకా చేప వేయొద్దు. ఆ తర్వాత నైట్రేటు 10 లోపు, ఫాస్ఫేటు 0.1 లోపు. రెండూ పూర్తిగా సున్నా అయినా మంచిది కాదు, పగడం వెలవెలబోతుంది, గోధుమరంగు జిగురు పాచి వస్తుంది. రెండు నిమిషాల్లో తినేంత మేత వేయండి. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన మేతని వడగట్టి కడిగి వేస్తే ఫాస్ఫేటు కొంత తగ్గుతుంది. వారానికి 5 లీటర్లు మార్చండి. పదో వంతు మారిస్తే నైట్రేటు 20 ఉన్నది 18 అవుతుంది, ఆల్కలినిటీ 7 ఉన్నచోట 9 నీళ్ళు పోస్తే 7.2 అవుతుంది. తేడా చిన్నదని మానేయకండి, వారం వారం ఆ చిన్న తేడాలే కూడతాయి. నీళ్ళు తీసే ముందు హీటరు స్విచ్చి ఆపండి, గాలికి తేలిన వేడి గాజు పగులుతుంది.

చెరువు షాపులో దొరికే బ్లీచింగు, ఫార్మలిన్, మైలుతుత్తం, మొలాసిస్ ఏదీ ఈ తొట్టెకి కాదు. దోమల స్ప్రే కొట్టిన చేతులు నీళ్ళలో పెట్టకండి. ఇంకోమాట, రాతి పగడాలు, నల్ల పగడాలు, విసనకర్రల్లా ఉండే సీ ఫ్యాన్లు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఎవరు అమ్మినా కొనొద్దు. సముద్రంలోంచి రాయి కూడా తేవొద్దు, సిరామిక్ రాళ్ళు వేసుకోండి. పుట్టగొడుగు పగడాల్లాంటి మెత్తవాటినీ, ఎక్కణ్ణుంచి వచ్చాయో బిల్లుతో చెప్పగలిగిన వాళ్ళ దగ్గరే తీసుకోండి. గుండీల్లా ఉండే జోవాంతిడ్లు వద్దు, కొన్నిట్లో గట్టి విషం ఉంటుంది.

మే నెలలో నీళ్ళు 28 డిగ్రీలు దాటితే ఆక్సిజన్ తగ్గుతుంది. నీటి మీదికి చిన్న ఫ్యాను పెడితే పొడిగాలిలో రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, మన ఉక్కపోతలో అంత దిగదు. కరెంటు పోతే బ్యాటరీ ఎయిర్ పంపు ముందు పెట్టాలి, మిగతావన్నీ తర్వాత. చెరువు మీద ఏరేటర్లు ఆగినప్పుడు మీ నాన్నలు పరిగెత్తేది దీనికే.

సంక్రాంతికి ఊరెళ్తే పక్కింటివాళ్ళకి వంటసోడా ద్రావణం సీసా, మేత డబ్బా ఇవ్వకండి. చేపలు మూడు రోజులు తిండి లేకపోయినా ఉంటాయి, ఆల్కలినిటీ ఒక డీకేహెచ్ దిగినా వచ్చాక మెల్లగా ఎక్కించొచ్చు. రోజుకొకటి చొప్పున మూడు సీసాల మంచినీళ్ళు నింపి తొట్టె పక్కన పెట్టి, టేపు మీద పెద్ద అక్షరాలతో రాయండి: ఈ గీత దాకానే.

మీ తాతయ్య