0.301 తక్కువేం కాదు: బేస్‌బాల్ బ్యాటింగ్ లెక్కల మీద అపోహలు, వాస్తవాలు

డల్లాస్ దగ్గర శని, ఆదివారాల్లో పిల్లల బేస్‌బాల్ మ్యాచ్‌లకు స్కోరు రాస్తుంటాను. మన తెలుగువాళ్లు నా పుస్తకంలోకి తొంగి చూసి అడిగే మొదటి మాట ఒకటే, "మావాడి యావరేజ్ ఎంతండీ?" ఆ ఒక్క అంకె పట్టుకుని ఇంటికెళ్లి పిల్లాడికి లేనిపోని టెన్షన్ పెడుతున్నారు, అది చూసి బాధేసే ఇది రాస్తున్నాను. ఉదాహరణకి నాకు చాలా ఇష్టమైన కార్ల్ యస్ట్రెమ్‌స్కీని తీసుకుంటాను. అందరూ యాజ్ అంటారు. 1961 నుంచి 1983 దాకా 23 సీజన్లూ బోస్టన్ రెడ్ సాక్స్ జట్టుకే ఆడాడు.

అపోహ: ఇదీ క్రికెట్ యావరేజ్ లాంటిదే.
కాదు. అక్కడ ఒక్కోసారి ఔటయ్యేలోపు సగటున ఎన్ని పరుగులు చేశాడన్నది లెక్క. ఇక్కడ పది ఎట్ బ్యాట్లలో (అంటే లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ అవకాశాల్లో) మూడు హిట్లు, అంటే బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరడం, సాధిస్తే 0.300, అంటే మంచి బ్యాటరే.

అపోహ: యావరేజ్ ఎక్కువుంటే గొప్ప సీజన్, తక్కువుంటే కాదు.
1930లో నేషనల్ లీగ్‌లో బిల్ టెర్రీ 0.401 కొట్టాడు. 1968లో యాజ్ 0.301తో అమెరికన్ లీగ్ బ్యాటింగ్ టైటిల్ (లీగ్‌లో అందరికంటే ఎక్కువ యావరేజ్ ఉన్నవాడికి దక్కేది) గెలిచాడు, ఈ రెండు లీగ్‌లూ కలిసిన మేజర్ లీగ్ చరిత్రలో ఇంత తక్కువ యావరేజ్‌తో టైటిల్ ఇంకెవరికీ రాలేదు. పైకి చూస్తే ఇద్దరికీ పోలికే లేదనిపిస్తుంది. కానీ 1930లో నేషనల్ లీగ్ మొత్తం సగటే 0.303, అందరూ దంచేసిన ఏడాది అది. 1968లో అమెరికన్ లీగ్ సగటు 0.230. భాగించి చూడండి, టెర్రీ తన తోటివాళ్ల కంటే 32 శాతం పైన ఉంటే యాజ్ 31 శాతం పైన ఉన్నాడు. ఆ ఏడాది యాజ్ తర్వాతి స్థానంలో ఉన్న డానీ కేటర్‌ది 0.290, ఆ లీగ్‌లో 0.300 దాటింది యాజ్ ఒక్కడే! పిచర్లు (బంతి విసిరేవాళ్లు) అంతలా చెలరేగిపోయారు కాబట్టే 1969లో వాళ్లు నిలబడే మట్టిదిబ్బ, అంటే మౌండ్, ఎత్తు 15 అంగుళాల నుంచి 10కి దించారు, బంతి సరైనదని లెక్కపెట్టే స్ట్రైక్ జోన్ కూడా తగ్గించారు.

అపోహ: వాక్ అంటే ఊరికే నిలబడటమేగా.
నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. పిచర్ నాలుగు చెడ్డ బంతులు వేస్తే, వాటిని కొట్టకుండా వదిలేసిన బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కి వెళ్లడమే వాక్. ఈమధ్య ఒక పాప నాలుగుసార్లు బ్యాటింగ్‌కి వచ్చి మూడుసార్లు వాక్ తీసుకుంది, ఒకసారి ఔటైంది. వాక్‌ను ఎట్ బ్యాట్ కింద లెక్కపెట్టరు, మిగిలింది ఔటైన ఆ ఒక్కటే కాబట్టి యావరేజ్ సున్నా. నా పుస్తకంలో మాత్రం మూడు గళ్లలో బీబీ (వాక్‌కి గుర్తు) అని ఉంది, ఆ మూడింటిలో రెండుసార్లు రన్ చేసి వచ్చింది. వాళ్ల నాన్నగారి మొహం మాత్రం వాడిపోయింది. చెడ్డ బంతిని వదిలేయడం ఎంత కష్టమో, 1968లో యాజ్ 119 వాక్‌లు తీసుకుని ఆ లీగ్‌లో అందరికంటే ముందున్నాడంటే ఎంత ఓపికో ఆలోచించండి.

అపోహ: కెరీర్ మొత్తానికి యాజ్ యావరేజ్ 0.285 అంటే మామూలు ఆటగాడే.
అదే కాలంలో ఆడిన రాబర్టో క్లెమెంటే యావరేజ్ 0.317. కానీ ఓపీఎస్ ప్లస్ ఇద్దరికీ 130. బేస్ చేరడం, బలంగా కొట్టడం రెండూ కలిపి, కాలాన్నీ మైదానాన్నీ సర్దుబాటు చేసి, లీగ్ సగటును 100 అనుకుని వేసే లెక్క అది. యాజ్ 3,419 హిట్లతో పాటు 452 హోమ్ రన్లు కొట్టాడు, 1,845 వాక్‌లు తీసుకున్నాడు. పైగా 44 ఏళ్లొచ్చేదాకా ఆడాడు, 1970 తర్వాత 0.300 దాటింది ఒక్క 1974లోనే, ఆ చివరి ఏళ్లన్నీ యావరేజ్‌ను కిందికి లాగాయి.

అపోహ: అదంతా రెడ్ సాక్స్ సొంత మైదానం ఫెన్‌వే పార్క్ చలవే.
ఇందులో కొంత నిజం ఉంది, దాచను. సొంత మైదానంలో 0.306, బయట 0.264. అక్కడ ఎడమవైపు 37 అడుగుల గోడ ఉంటుంది, ఎడమచేతి బ్యాటర్ అయిన యాజ్ బంతిని అటు మళ్లించి గోడకు కొట్టి రెండో బేస్ చేరేవాడు. అయితే ఆ 130లో మైదానం వల్ల బ్యాటర్లకు సగటున కలిసొచ్చేదాన్ని ముందే సర్దుబాటు చేశారు.

వచ్చే వారం నుంచి నా పుస్తకం చివరి పేజీలో మన లీగ్ మొత్తం సగటు, ఒక్కో పిల్లాడి వాక్‌లు కూడా రాసి పెడతాను. యావరేజ్ అడిగేముందు ఆ పేజీ తిప్పండి.