అమ్మమ్మకి కనబడనిది ఎందుకు?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం చేరింది. అందులో ఒకరు రాసిన ప్రశ్న నాకు బాగా నచ్చింది. “తాతయ్యా, వీడియో కాల్‌లో అమ్మమ్మ నాకు చక్కగా కనబడుతోంది. నేనే ఆవిడకి కనబడటం లేదట, అంతా నల్లగా ఉందంటోంది. మరి ఫోను నాది పాడైందా, అమ్మమ్మదా?”

ఎవరి ఫోనూ పాడవలేదనే నా నమ్మకం. కాల్ ఒకటే అయినా బొమ్మలు రెండు. బెజవాడ నుంచి మీ దగ్గరికి వచ్చే బొమ్మ వేరు, మీ దగ్గర నుంచి బెజవాడ వెళ్ళే బొమ్మ వేరు. ఒకటి చక్కగా పారుతూ ఉండగానే రెండోది ఆగిపోవచ్చు. అందుకే “వీడియో రావట్లేదు” అని ఊరుకోకూడదు. ఎవరి బొమ్మ ఎవరికి రావట్లేదో చెబితే సగం పని అయినట్టే.

కాలువ సంగతి చెబుతాను, అదే దారి చూపిస్తుంది. ప్రకాశం బ్యారేజీకి ఇవతల, సీతానగరం దగ్గర, పడమటి డెల్టా కాలువ మొదలవుతుంది. దుగ్గిరాల దాకా వచ్చి పాయలుగా చీలి ఎక్కడో రేపల్లె, నిజాంపట్నం వైపు చివరి భూములకి పోతుంది. ఆ చివర రైతు మడిలోకి నీళ్ళు రాలేదనుకోండి. మడి తవ్వి చూస్తే ఏం లాభం? కాలువ నీళ్ళు చూసుకునే లస్కరు ఎగువ నుంచి కట్ట వెంట నడుచుకుంటూ వస్తాడు. తలుపు ఎత్తారా, తూము తెరిచారా, గుర్రపుడెక్క అడ్డం పడిందా, మధ్యలో ఎవరన్నా ఇంజను పెట్టి తోడుతున్నారా అని వరసగా చూస్తాడు. నీళ్ళు కనబడ్డ ఆఖరి చోటికీ, కనబడని మొదటి చోటికీ మధ్యలోనే తప్పు ఉంటుంది. మీరూ అలాగే నడవండి. ఊరికే ఫోను ఆపి ఆన్ చేయడం, యాప్ తీసేసి మళ్ళీ వేయడం నాకు నచ్చదు. ఒక్కోసారి బాగవుతుంది గానీ ఎందుకు బాగైందో తెలియదు, రేపు మళ్ళీ అదే తంతు.

మొదటి చూపు మీ తెర మూలన ఉండే చిన్న గడి మీద. అందులో మీ బొమ్మే ఉంటుంది. అది నల్లగా ఉంటే నీళ్ళు సీతానగరంలోనే బయలుదేరలేదన్నమాట. అమ్మమ్మగారి ఫోనుకి ఏ పాపమూ తెలియదు. ఆ గడిలో మీరు బాగా కనబడుతుంటే తలుపు దగ్గర తప్పు లేదు, దిగువకి వెళ్ళాలి.

గడి నల్లగా ఉందనుకుందాం. కాల్ పెట్టేసి ఫోనులో ఉన్న మామూలు కెమెరా యాప్ తెరవండి. ముందు కెమెరాకి తిప్పండి. అక్కడ కూడా నల్లగానే ఉంటే చాలావరకు అడ్డం బయటే ఉంటుంది. తెర పైన సూది బెజ్జమంత ఉండే ఆ కన్ను మీద స్క్రీన్ గార్డు పక్కకి జరిగి అతుక్కుని ఉండవచ్చు, ఫోను కవరు అంచు పడి ఉండవచ్చు. ల్యాప్‌టాప్ అయితే కెమెరా మీద పక్కకి జరిపే చిన్న మూత ఉంటుంది, లేదా కీబోర్డు పై వరసలో కెమెరా బొమ్మ ఉన్న మీట ఉంటుంది, కొన్నిటికి పక్క అంచున స్విచ్చి ఉంటుంది. అది పొరపాటున నొక్కుకుపోతే ఎన్ని సెట్టింగులు మార్చినా వెలుతురు రాదు. నల్లగా కాకుండా మసగ్గా ఉంటే మాత్రం నాకు ఒకటే అనుమానం: ఆవకాయ వేళ్ళు. ఎండాకాలంలో మన ఇళ్ళల్లో ఏ ఫోను కన్ను చూసినా నూనె మరక ఉంటుంది. పొడి నూలుగుడ్డతో మెత్తగా తుడవండి. నీళ్ళూ వద్దు, చొక్కా అంచుతో గట్టిగా రుద్దడమూ వద్దు.

కెమెరా యాప్‌లో బాగా కనబడి వాట్సాప్‌లో మాత్రం నల్లగా ఉంటే అప్పుడు తూము దగ్గరికి వచ్చినట్టు. దీన్నే పర్మిషన్ అంటారు. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, యాప్స్, వాట్సాప్, పర్మిషన్స్, కెమెరా. అక్కడ యాప్ వాడుతున్నప్పుడు అనుమతించేది ఎంచుకోండి. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లోని ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద కెమెరా. నెలల తరబడి ముట్టుకోని యాప్‌కి ఇచ్చిన అనుమతిని ఆండ్రాయిడ్ తనంతట తనే వెనక్కి తీసుకుంటుంది. వీడియో కాల్స్ చేసే జూమ్ యాప్‌ని ఏడాదికోసారి తెరిచే పెద్దవాళ్ళకి ఈ తంటా వచ్చేది అందుకే. ఇంకో దొంగ తూము కూడా ఉంది. ఆండ్రాయిడ్ 12 నుంచీ పైనుంచి కిందకి లాగే మెనూలో “కెమెరా యాక్సెస్” అనే గడిని పెట్టుకోవచ్చు. అది ఆపి ఉంటే మామూలు కెమెరా యాప్‌తో సహా ఏ యాప్‌కీ కెమెరా అందదు. కెమెరా నిజంగా పనిచేస్తుంటే తెర పైన ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది, ఐఫోన్‌లోనూ అంతే. ఆ చుక్క ఉందో లేదో చూడటం అలవాటు చేసుకోండి. మీరు కాల్‌లో లేనప్పుడు కూడా అది వెలిగితే ఏ యాప్ వాడుతోందో వెంటనే కనుక్కోండి.

విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, కెమెరా అని వెళితే ఒకదాని కింద ఒకటి మీటలు ఉంటాయి. అన్నిటికంటే పైది మొత్తం కెమెరాకి. కింద ఉన్న “డెస్క్‌టాప్ యాప్స్” మీట జూమ్, క్రోమ్ లాంటి వాటికి. పైది వేసి కిందది మరిచిపోయేవాళ్ళే ఎక్కువ. బ్రౌజర్‌లో గూగుల్ మీట్ తెరిస్తే అడ్రసుకి ఎడమ పక్కనున్న గుర్తు నొక్కి ఆ సైటుకి కెమెరా ఇచ్చారో లేదో కూడా చూడాలి. మ్యాక్‌లో అనుమతి ఇచ్చాక బ్రౌజర్‌ని పూర్తిగా మూసి తెరిస్తేనే పారుతుంది.

వంతు మాట కూడా చెప్పాలి. ల్యాప్‌టాప్‌లో కెమెరా చాలాసార్లు ఒక్క యాప్‌కే వంతు ఇస్తుంది. పొద్దున్న క్లాసుకి తెరిచిన టీమ్స్ యాప్ వెనకాల మూలుగుతూ కెమెరాని పట్టుకుని ఉంటే, సాయంత్రం జూమ్‌కి వంతు రాదు. మొదటిదాని కిటికీని తెర మీద మూసినంత మాత్రాన కాదు, పూర్తిగా బయటికి పంపాలి. విడిగా కొన్న వెబ్‌క్యామ్ అయితే యూఎస్‌బీ హబ్‌కి కాకుండా నేరుగా కంప్యూటర్‌కే పెట్టండి. కరెంటు సరిపోక వచ్చి పోతూ ఉండే వెబ్‌క్యామ్‌లకి చాలాసార్లు అదే మందు. ఆ తరవాత యాప్ సెట్టింగుల్లో ఏ కెమెరా ఎంచుకుని ఉందో చూడండి. రెండు కెమెరాలున్నచోట యాప్ తప్పుదాన్ని పట్టుకుని కూర్చోవడం మామూలే.

కనబడుతున్నాం గానీ ముఖం చీకటిగా ఉంది అంటే అది యంత్రం తప్పు కాదు, కూర్చున్న చోటు తప్పు. వెనకాల కిటికీ ఉంటే కెమెరా ఆ వెలుతురునే చూసి, అమ్మో ఎక్కువైందనుకుని మొత్తం బొమ్మని తగ్గించేస్తుంది. ముఖం బొగ్గవుతుంది. లేచి అటు తిరిగి కూర్చోండి, కిటికీ మీ ముఖానికి ఎదురుగా రావాలి. రాత్రిపూట మరో సంగతి. వెలుతురు చాలకపోతే కెమెరా ఒక్కో బొమ్మకీ ఎక్కువసేపు వెలుతురు పోగుచేసుకుంటుంది. సెకనుకి 30 బొమ్మలు తీయాల్సింది 15కి దిగిపోతుంది. చెయ్యి ఊపితే తోక లాగినట్టు కనబడుతుంది. అందరూ అప్పుడు నెట్ బాలేదంటారు. నెట్‌కి దాంతో ఏ సంబంధమూ లేదు! ఒక దీపం ఎదురుగా పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

ఇక బొమ్మ మీద చారలు పైకి పాకడం. ఇది నాకు ఎప్పుడూ వింతే. మన కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. దానితో పాటు పాత చోకు ఉన్న ట్యూబులైటు సెకనుకి 100 సార్లు మసకబారి వెలుగుతుంది. మన కంటికి అది అందదు. కెమెరా మాత్రం బొమ్మని ఒక్క గుక్కలో తీయదు, పై వరస నుంచి కింది వరస దాకా వరసలు వరసలుగా చదువుతుంది. కొన్ని వరసలు చదివేటప్పుడు దీపం వెలుగులో ఉంటుంది, కొన్ని చదివేటప్పుడు మసకలో ఉంటుంది. అవే చారలు. అమెరికాలో కరెంటు 60 సార్లు ఊగుతుంది. అక్కడ కొన్న ల్యాప్‌టాప్‌నో వెబ్‌క్యామ్‌నో గుంటూరు తెస్తే లెక్క 60 మీదే ఉండిపోవచ్చు. కెమెరా సెట్టింగుల్లో “పవర్ లైన్ ఫ్రీక్వెన్సీ” లేదా “యాంటీ ఫ్లికర్” అని ఉంటుంది, దాన్ని 50 హెర్ట్జ్ చేయండి. ఆ మీట దొరక్కపోతే ట్యూబులైటు ఆర్పి పగటి వెలుతుర్లో మాట్లాడండి.

ఇప్పుడు మీ గడిలో మీరు చక్కగా ఉన్నారు, అమ్మమ్మగారికి మాత్రం ముక్కలు ముక్కలుగానో, బిగుసుకుపోయో వెళుతున్నారు. ఇది కాలువ మధ్య సంగతి. మీరు పంపే బొమ్మ అప్‌లోడ్ అనే పాయలో వెళుతుంది. కేబీపీఎస్ అంటే సెకనుకి ఎంత పారుతోందో చెప్పే కొలత, అలాంటివి వెయ్యి అయితే ఒక ఎంబీపీఎస్. మామూలు జూమ్ కాల్‌కి ఆ పాయ సుమారు 600 కేబీపీఎస్, కాస్త స్పష్టమైన బొమ్మ (720పీ అంటారు) కావాలంటే 1.2 ఎంబీపీఎస్ ఉండాలి. మీ ఇంట్లో సినిమా హాయిగా ఆడుతోందని గర్వపడకండి, అది డౌన్‌లోడ్, వేరే పాయ. పంపే పాయ చాలా ఇళ్ళల్లో సన్నగా ఉంటుంది. దాని మీద ఎవరి ఫోనో వంద ఫొటోలు గూగుల్‌కి దాచుకుంటోందంటే, అది ఎగువన ఇంజను పెట్టి తోడటమే. ఆ బ్యాకప్ కాసేపు ఆపండి. వాట్సాప్‌లో “కాల్స్‌కి తక్కువ డేటా” అన్న మీట వేసి ఉంటే బొమ్మ మసకబారుతుంది, అదీ చూడండి. రౌటర్ టీవీ వెనకో ఇనుప బీరువా పక్కనో ఉంటే బయటికి తీయండి. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై గోడలు దాటి దూరం వెళుతుంది గానీ రద్దీ, మైక్రోవేవ్ పొయ్యి తిప్పినా తడబడుతుంది. 5 గిగాహెర్ట్జ్ వేగంగా పోతుంది గానీ ఒక గోడ దాటేసరికి నీరసిస్తుంది. రౌటర్ ఉన్న గదిలోనే కూర్చుంటే 5 పెట్టండి. వైఫై ఆపి మొబైల్ డేటాతో ఒకసారి కాల్ చేసి చూడటమే అన్నిటికన్నా తేలిక పరీక్ష.

కాలువ పోలిక ఇక్కడ కొంచెం చేటు చేస్తుంది సుమా. నీళ్ళు ఆలస్యంగా వచ్చినా పనికొస్తాయి, వీడియోలో ఆలస్యంగా వచ్చిన బొమ్మ ఎందుకూ కొరగాదు. అందుకే యాప్ దాన్ని పారేసి తరవాతిది చూపిస్తుంది. మీకు గెంతులుగా కనబడేది ఆ పారేసినవాటి ఖాళీయే.

ఇది కూడా సరిగానే ఉంటే ఇంకొకరికి కాల్ చేయండి. పెద్దమ్మకి మీరు బాగా కనబడితే తప్పు అమ్మమ్మగారి వైపే. కనబడకపోతే తప్పు ఇంకా మీ గట్టు మీదే ఉంది, మళ్ళీ మొదటి నుంచి నడవండి. ఆవిడ వైపు అయితే ఆవిడ వైఫైదీ ఇదే కథ. జూమ్‌లో అయితే ఎదుటివాళ్ళ వీడియో రాకుండా ఆపే మీట ఉంటుంది, అదీ అడగండి. అడిగేటప్పుడు తీరు ముఖ్యం. “నీకేం తెలీదు అమ్మమ్మా” అనకండి. గీత అడ్డంగా ఉన్న కెమెరా బొమ్మ కనబడుతోందా, ఎక్కడ ఉంది, ఏ రంగు అని ఒక్కోటిగా అడగండి, చెప్పినదాకా ఆగండి. మా చిన్నతనంలో ట్రంక్ కాల్ అంటే మూడు నిమిషాల లెక్క. పోస్టాఫీసు గదిలో గొంతు చించుకుని అరుస్తూ, అవతలి మనిషి వినేదాకా ఒకే మాట నాలుగుసార్లు చెప్పేవాళ్ళు. బొమ్మ ఎలాగూ లేదు. అంచేత నెట్ మరీ నీరసిస్తే వీడియో ఆపేయండి. మాటకి 100 కేబీపీఎస్ కన్నా తక్కువే చాలు, ఆవిడకి మీ గొంతు తెగకుండా వినబడుతుంది.

రోహిణి కార్తె గురించి కూడా రాయాలి. ఐఫోన్‌ని 35 డిగ్రీల లోపు గాలిలో వాడమని దాన్ని చేసినవాళ్ళే చెప్పారు. బెజవాడ మధ్యాహ్నం దాన్ని ఎప్పుడో దాటేస్తుంది. ఛార్జింగ్ పెట్టి, ఎండలో కూర్చుని, గంటసేపు వీడియో కాల్ చేస్తే ఏ ఫోనైనా కాగిపోతుంది. వేడెక్కిన ఫోను తన వేగం తగ్గించుకుంటుంది, బొమ్మ ముద్దవుతుంది, ఒక్కోసారి కెమెరా ఆగిపోతుంది. ఛార్జర్ పీకి, కవరు తీసి, ఫ్యాను కింద పెట్టండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి! బయటికి తీయగానే లోపల చెమ్మ పడుతుంది. ఆ కాల్ సాయంత్రానికి వాయిదా వేసుకోవచ్చు కదా.

మీలో ఇంకొకరు ‘నా చొక్కా మీద అక్షరాలు తిరగబడి కనబడుతున్నాయి’ అని రాశారు. తిరగబడింది మీ గడిలో మాత్రమే. మనకి అద్దం అలవాటని యాప్ మీకు అలా చూపిస్తుంది. అమ్మమ్మగారికి అక్షరాలు సరిగ్గానే ఉంటాయి.

ఇక ఒక పని చెబుతాను. రాత్రి ఇంట్లో ప్రతి దీపం ముందూ నిలబడి ఫోను కెమెరాలో స్లో మోషన్ పెట్టి ఐదేసి సెకన్లు తీయండి. కొన్ని దీపాలు దబదబా కొట్టుకుంటాయి, కొన్ని నిశ్చలంగా ఉంటాయి. అలాగే టీవీ రిమోట్ ముక్కుని ముందు కెమెరాకి చూపిస్తూ మీట నొక్కండి. ఏ దీపం కొట్టుకుంది, ఏది కొట్టుకోలేదు, రిమోట్‌లో ఏం కనబడింది, వెనక కెమెరాతో చూస్తే కూడా కనబడిందా అని కాగితం మీద రాసి నాకు పంపండి.

ఇట్లు,
మీ తాతయ్య,
గుంటూరు